నాపరాయి కింద పెట్టిన ముక్క

కోయిలకుంట్ల బస్టాండు వెనక సందులో అచ్చాఫీసు నడిపిన మా ప్రెస్సు మామ మొన్న మంగళవారం పొద్దున చనిపోయినాడు. పేగు చివర పుట్టిన క్యాన్సరుతో పోయినాడని ఊరంతా చెప్పుకుంటాంది. అది నిజమే. దాంతోపాటు ఇంకొకటి కూడా ఊరికి తెలియాల. ఆయన కడుపు కోసి తీసిన ముక్కను పరీక్షకు పంపకుండా, ప్లాస్టిక్ కవర్లో వేసి, అంగట్లో బెల్లం కట్టిచ్చినట్టు ఇంటివాళ్ళ చేతిలో పెట్టి పంపించింది ఒక నర్సింగ్ హోం. ఆపరేషన్ చేసిన డాక్టరుదే ఆ తప్పు. ఆయన పేరు నేను ఇక్కడ రాయడం లేదు. భయపడి కాదు. ఎవరినన్నా తిడుతూ కరపత్రం రాసుకుని పోతే మామ మొదట అడిగే మాట ఒకటుండేది: "ఆ మనిషిని ఎదురుగా నిలబడి అడిగినావా?" ఇంకా అడగలేదు. ఆదివారం అడుగుతాం. ఆ సంగతి చివర చెప్తాను.

మామ నాకు చుట్టం కాదు. వాళ్ళది బజారులో తరాలుగా అంగళ్ళున్న ఇల్లు. అన్న కిరాణా చూసుకునేవాడు, తమ్ముడైన మామ అచ్చాఫీసు పెట్టుకున్నాడు. మాది పక్క పల్లెలో శనగ పండించుకునే ఇల్లు. ఇంటర్ తప్పి, దొరికిన కరపత్రమల్లా చదువుతా తిరుగుతాన్న రోజుల్లో, కాలువ చివరి చేన్లకు నీళ్ళు రాకపోవడం మీద నేనే ఒక కరపత్రం రాసి ఆయన బల్ల మీద పెట్టినాను. ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని మొత్తం చదివి, నన్ను కిందినుంచి మీదికి చూసినాడు.

"ఏమప్పా, ఇంత కోపం యాడిది నీకు? ఒక్క పేజీలో ఇన్ని ఆశ్చర్యార్థకాలా? నా అక్షరాల కేసులో ఉండేవే గుప్పెడు. అన్నీ నీకే పెడితే పెండ్లి పత్రికల్లో సుస్వాగతం పక్కన ఏం పెట్టాల?"

"అన్యాయం జరుగుతాంటే నెమ్మదిగా ఎట్ల చెప్పేది మామా?"

"జరిగింది చెప్పు. తప్పుల్లేకుండా చెప్పు. కోపం చదివేవాడు తెచ్చుకుంటాడులే, అది గూడా నువ్వే మోస్తే ఎట్ల?"

మామా అని ఎందుకు పిలిచినానో నాకే తెలియదు. నోటికి వచ్చేసింది. ఆ రోజునుంచి నేను అల్లుణ్ణి, ఆయన భార్య నాకు అత్త.

డీటీపీలు, ఆఫ్‌సెట్లు వచ్చి చిన్న అచ్చాఫీసులన్నీ మూతబడుతున్న కాలం అది. మామ మాత్రం సీసపు అక్షరాలు ఒక్కొక్కటే గళ్ళలోనుంచి ఏరి పేర్చేవాడు. చూడకుండానే ఏరేవాడు. వేలి కొసతో తడిమితే ఏ అక్షరమో తెలిసిపోయేది. పేర్చినాక ప్రూఫుకని మొదటి కాగితం లాగి, తడి ఆరకముందే గిరాకీ చేతికిచ్చి, కుర్చీ చూపించేవాడు. ఆ కాగితం చదివి సరే అనేదాకా మిషను తిరిగేది కాదు. ఒకసారి ఆళ్ళగడ్డనుంచి వచ్చిన ఒకాయన బస్సు పోతాదని గోల పెట్టినాడు.

"నీ మీద నమ్మకముండాది సెట్టీ, వేసెయ్ అంటాన్నా గదా."

"నమ్మకం నాకూ ఉండాది. నా చేతి మీద నాకు శానా నమ్మకం. అయినా చదువు. రేపు నీ బిడ్డ పెండ్లికి పెండ్లికొడుకు పేరు తప్పు పడితే మనిద్దరి నమ్మకం దేనికి పనికొస్తాది?"

ఆయన కూర్చుని చదివినాడు. తప్పేమీ లేదు. బస్సు మాత్రం పోయింది. మామ ఆయనకు ఇంట్లో అన్నం పెట్టించి ఇంకో బస్సు ఎక్కించినాడు.

అట్లాంటి మనిషికి ఇట్లా జరిగింది.

రెండేండ్ల కింద మామకు దొడ్డికి పోయినప్పుడు రక్తం పడడం మొదలైంది. మొలలనుకున్నాడు. ఊర్లో అందరూ అదే అన్నారు. పసరు తాగినాడు, కారం మానేసినాడు. మనిషి సన్నబడినాక కర్నూలుకు పోతే, లోపలికి గొట్టం పెట్టి చూసి, చిన్న ముక్క తీసి పరీక్ష చేసి, క్యాన్సరని చెప్పినారు. అక్కడి డాక్టరు పద్ధతి చెప్పినాడు. ముందే కోయరంట. మొదట కరెంటు, అంటే రేడియేషన్ పెట్టి, దాంతోపాటు మాత్రలిచ్చి, గడ్డను చిన్నది చేస్తారంట. తర్వాత కొన్ని వారాలు ఆగి, అప్పుడు కోసి తీస్తారంట. "తీసినాక ఆ ముక్క రిపోర్టు పట్టుకుని నా దగ్గరికి రావాల. నీ జబ్బు మందుకు ఎంత లొంగిందో, ముందుముందు ఎట్ల ఉంటుందో దాన్ని చూసే చెప్తాను," అన్నాడంట.

మామకు ఈ మాట నచ్చింది. ప్రెస్సుకు వచ్చి నాతో చెప్పినాడు. "చూసినావా అల్లుడా, వాళ్ళూ ప్రూఫు లాగుతారు."

కరెంటు పెట్టించుకునే రోజుల్లో కర్నూల్లో చుట్టాల ఇంట్లో ఉన్నాడు. ఆదివారాలు వచ్చేవాడు. కూర్చుంటే మంట, నిలబడితే నీరసం. మెత్త వేసుకుని ఒక పక్కకు ఒరిగి కూర్చుని అక్షరాలు పేర్చేవాడు. అన్నీ అయినాక రక్తం ఆగింది. బరువు కొంచెం పెరిగింది. గొట్టం పెట్టి చూస్తే గడ్డ ఉన్న చోట మచ్చ మాత్రమే కనపడిందన్నారు. ఇంట్లో అందరూ పొంగిపోయి ఒంటిమిట్టకు పోయి మొక్కు చెల్లించుకుని వచ్చినారు. ఆపరేషన్‌కు కర్నూల్లో వరుస శానా ఉందని, ఎవరో చెప్పినారని, వేరే టౌనులో నర్సింగ్ హోంకు తీసుకుపోయినారు.

ఆపరేషన్ నాడు నేనూ పోయినాను. నన్ను రక్తం ఇయ్యడానికి ఇంకో వీధికి పంపించినారు. నేను వచ్చేలోపల అయిపోయింది. జరిగింది తర్వాత మామ అన్న నోటనే విన్నాను. ఆయన్ను మేమంతా పెద్దాయన అంటాం.

డాక్టరు ట్రే పట్టుకుని బయటికి వచ్చి, పేగు ముక్కను తిప్పి చూపించినాడంట. "చూడండి, గడ్డే లేదు. కరెంటుకే కరిగిపోయింది. అంతా శుభ్రం. ఇంక భయం లేదు." పెద్దాయన రెండు చేతులూ జోడించినాడు. తర్వాత లోపల పనిచేసే ఒకాయన ఆ ముక్కను కవర్లో వేసి తెచ్చిచ్చినాడు.

"ఏం చేయాలప్పా దీన్ని?" అని పెద్దాయన అడిగినాడు.

"మీ ఇష్టం సామీ. ల్యాబుకు ఇయ్యాలంటే ఇచ్చుకోండి. గడ్డ ల్యాకపాయె గదా, డాక్టరే చెప్పె. వద్దంటే ఆ వెనక పారేస్తాం."

పెద్దాయన ఆ వెనక ఏముందో కిటికీలోనుంచి చూసినాడు. నెత్తురు గుడ్డలు, సూదులు, వాటి మధ్యలో కుక్కలు. తమ్ముని ఒంట్లో ముక్క కుక్కల పాలు చేయడానికి ఆయనకు మనసొప్పలేదు. వాళ్ళ ఇంట్లో పెద్దలు ఏండ్లకింద మిషన్లో తెగిన చేతివేలును గూడా పూడ్చిపెట్టినారంట. పొద్దున ఇంటినుంచి చిత్రాన్నం తెచ్చుకున్న స్టీలు డబ్బాను కొళాయి కింద కడిగి, కవరు అందులో పెట్టి, మూత బిగించి, బస్సెక్కి కోయిలకుంట్లకు వచ్చినాడు. ఊరవతల వాళ్ళ శనగచేను మూలలో గుంత తీసి, ఉప్పు పోసి, పసుపు చల్లి పూడ్చినాడు. కుక్కలు తోడకుండా పైన ఒక నాపరాయి పెట్టినాడు. బావి దగ్గర స్నానం చేసి సాయంత్రానికి మళ్ళీ తమ్ముని మంచం దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఎవరికీ చెప్పలేదు. మంచి పని చేసినానని మనసులో అనుకున్నాడు.

వారం దాటినాక ఒకరోజు మధ్యాహ్నం మామ దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. కడుపు పక్కన మలం పడే సంచి పెట్టినారు. దాన్ని చూసుకుని, "ఇంగ నా దగ్గర దాపరికమే లేదప్పా, అన్నీ బయటికే," అని నవ్వినాడు. అత్త కండ్లు తుడుచుకుంటా నవ్వింది. అంతలో అడిగినాడు.

"ముక్క రిపోర్టు వచ్చిందా?"

పెద్దాయన దుప్పటి సర్దినాడు.

"అన్నా, నిన్నే. రిపోర్టు. ఆ కర్నూలు డాక్టరు తెమ్మన్నది."

పెద్దాయన జేబులోనుంచి నర్సింగ్ హోం చీటీ తీసినాడు. "ఇదే గదరా?"

"ఇది మందుల చీటీ. ముక్క యాడుంది?"

"ముక్క... దాన్ని చేన్లో పెట్టినా."

"చేన్లో పెట్టినావా?"

"పూడ్చినా. కుక్కలు తింటాయని. వాళ్ళు పారేస్తామన్నారురా, నేనెట్ల ఊరుకునేది? నీ ఒంట్లోది గదా అది."

మామ ముఖం చూడలేకపోయినాను. ఆయన తన అన్నను తిట్టలేదు. చేతి గోళ్ళలో ఎప్పుడూ ఉండే ఇంకు మరకను బొటనవేలితో రుద్దుకున్నాడు. నేను లేచి డాక్టరు గది మీదికి పోయినాను. నన్ను ఇద్దరు పట్టుకుని బయటికి తోసినారు. వెనక్కి వచ్చేసరికి మామ ఒకటే మాట అన్నాడు.

"అరిస్తే ముక్క వస్తాదా? పోయి తవ్వు."

పెద్దాయన లేచినాడు. "వాడు తవ్వేది కాదు. పెట్టింది నేను. నేనే తీస్తా."

ఆ మధ్యాహ్నమే బస్సెక్కినాం. పెద్దాయన ఒళ్ళో అదే డబ్బా. కోసేసిన శనగచేను, నల్లరేగడి నోరు తెరిచి ఉంది. నాపరాయి కాలుతాంది. పెద్దాయన దాన్ని ఒట్టి చేతులతో ఎత్తి పక్కన పెట్టి, చిన్న పారతో మెల్లగా తీసినాడు. ముక్కకు తగులుతాదేమోనని తర్వాత పార పక్కన పెట్టి చేత్తో తోడినాడు. నేను పక్కకు తిరిగి నిలబడినాను. వాసన చెప్పను. దొరికింది అన్నాడు. ఆ గొంతులో సంతోషముంది. ఇప్పటికీ నాకు ఆ సంతోషమే గుర్తొస్తాది.

మందులషాపులో అడిగి, ముక్క చెడిపోకుండా ఉంచే ఫార్మలిన్ నీళ్ళు పోయించి, కర్నూల్లో ముక్కలు పరీక్ష చేసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయినాం. ఆమె డబ్బా మూత తీసి, మా ఇద్దరినీ చూసి, కోప్పడలేదు. ఎప్పుడు తీసినారు, ఎప్పుడు దీంట్లో వేసినారు అని అడిగింది. పెద్దాయన చెప్పినాడు. "చూస్తాను. ఆశ మాత్రం పెట్టుకోవద్దు," అంది.

ఇంక ఎదురుచూపే. మామ ఇంటికి వచ్చినాడు. ప్రెస్సు గుమ్మంలో కూర్చుని, పోస్టుమాను వచ్చినా, ఫోన్ మోగినా తల ఎత్తేవాడు. పిలుపు వచ్చిన రోజు తానే వస్తానన్నాడు. వద్దన్నా వినలేదు. సంచి మీద తువ్వాలు కట్టుకుని బస్సులో నిలబడే వచ్చినాడు, కూర్చుంటే నొప్పి.

డాక్టరమ్మ ఆయనకు నిదానంగా చెప్పింది. ఆ మాటలు నాకు బాగా గుర్తున్నాయి, ఎందుకంటే అట్లా ఇంకెవరూ మాకు చెప్పలేదు.

"కరెంటు, మాత్రలు పనిచేస్తే గడ్డ ఉన్న చోట మచ్చ మిగులుతుంది. కంటికి అంతా పోయినట్టే ఉంటుంది. ఆ మచ్చలోపల బతికున్న క్యాన్సర్ కణాలు కొన్ని దాక్కుని ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు. అది నేను మైక్రోస్కోపు అద్దం కింద చూస్తేనే తెలుస్తుంది. చంకలో బిళ్ళ కడుతుంది చూడండి, అట్లాంటివే సన్నసన్న బిళ్ళలు పేగు చుట్టూ కొవ్వులో ఉంటాయి. పేగులో గడ్డ కరిగినా ఒక్కోసారి ఆ బిళ్ళల్లో జబ్బు మిగిలి ఉంటుంది. కోసిన అంచుల దాకా వచ్చిందా లేదా అన్నది ఇంకొకటి. బిళ్ళలు శుభ్రంగా ఉండి, లోపల కణాలేవీ మిగలకపోతే ధైర్యం చెప్పి పంపిస్తాం. బిళ్ళల్లో ఉంటే మళ్ళీ వచ్చే భయం ఎక్కువ."

"నాది ఏముందమ్మా?"

"మీది చదవలేకపోయినాను. తీసిన వెంటనే ఈ నీళ్ళలో పడాల. భూమిలో ఉండేసరికి కణాలన్నీ చెడిపోయినాయి."

"నేను చూడొచ్చా?"

ఆమె ఒక్క క్షణం ఆలోచించి లేచి, కుర్చీ ఆయనకిచ్చింది. మామ కళ్ళద్దాలు తీసి, ఆ గొట్టంలో కన్ను పెట్టి, శానాసేపు చూసినాడు. జీవితమంతా తలకిందుల అక్షరాలు చదివిన మనిషి. తల ఎత్తి, "ఇంకు అలుక్కుపోయినాది," అన్నాడు. పెద్దాయన గోడకు ఆనుకుని కూలబడినాడు. మామ పోయి ఆయన భుజం పట్టుకుని లేపినాడు. "లెయ్ అన్నా. నువ్వు కుక్కలనుంచి కాపాడినావు. నీకు చెప్పాల్సినోడు చెప్పలేదు."

రిపోర్టున్నా లేకున్నా కీమో ఇంజెక్షన్లు పూర్తిగా వేయించుకొమ్మని డాక్టరమ్మ, కరెంటు పెట్టిన డాక్టరు ఇద్దరూ చెప్పినారు. నర్సింగ్ హోం డాక్టరు మాత్రం ఫోన్లో పెద్దాయనతో, "నేను కండ్లతో చూసినాను, గడ్డే లేదు, ఊరికే భయపెడతాన్నారు," అన్నాడు. మామ వేయించుకోవడం మొదలుపెట్టినాడు. కొన్ని అయినాక వేళ్ళు మొద్దుబారినాయి. చల్లని నీళ్ళు తాకితే సూదులు గుచ్చినట్టుండేది. గళ్ళలో చెయ్యి పెడితే ఏ అక్షరమో తెలియకుండా పోయింది. ఒకరోజు ఒక పెండ్లి పత్రిక పేర్చి, లాగి చూసుకుంటే సగం తప్పులు. ఆ కాగితాన్ని చూస్తా కూర్చున్నాడు.

"బిళ్ళల్లో ఉందని రాసిచ్చింటే వేళ్ళు పోయినా వేయించుకుంటా అల్లుడా. లేదని రాసిచ్చింటే ఇప్పుడే ఆపేసి నిమ్మళంగా పని చేసుకుంటా. ఏదీ తెలియకుండా యా పక్కకు పోయేది?"

"డాక్టరమ్మ వేయించుకోమన్నాది గదా మామా."

"అన్నాది. ఆ నర్సింగ్ హోం ఆయన వద్దన్నాడు. ఇద్దరి చేతిలోనూ కాగితం లేదు."

ఇంట్లో వాళ్ళు లేని జబ్బుకు ఇంత శిక్ష ఎందుకన్నారు. ఆపేసినాడు. వేళ్ళు కొంచెం కొంచెంగా తిరిగి వచ్చినాయి. ఆ ఏడు పెండ్లిళ్ళ కాలంలో మళ్ళీ మిషను తిరిగింది. మేమందరం నర్సింగ్ హోం డాక్టరు మాటే నిజమనుకోవాలని గట్టిగా అనుకున్నాం. మామ మాత్రం నడుము కొంచెం నొప్పి పుట్టినా మిషను ఆపి నిలబడిపోయేవాడు. నొప్పి పోయినాక, "ఏం లేదులే, తిప్పు," అనేవాడు. ఆ బతుకు బతికినాడు ఆయన, ప్రతి నొప్పికీ చెవి ఒగ్గుకుని.

ఈ ఎండాకాలంలో నొప్పి వచ్చి పోలేదు. తీసిన చోటే మళ్ళీ పుట్టి, కాలేయానికి ఎక్కిందని చెప్పినారు.

చివరి వారాల్లో నేను దగ్గరుండినాను. కోపంతో ఊగిపోతా ఒక కరపత్రం రాసి ఆయనకు చదివి వినిపించినాను. నర్సింగ్ హోం మా మామను చంపింది అని మొదటి వాక్యం. ఆయన కండ్లు మూసుకునే విన్నాడు.

"తప్పుండాది."

"యాడ మామా?"

"మొదట్లోనే. ముక్క పరీక్ష చేసింటే నేను బతికేవాణ్ణని నీకు యెవరు చెప్పినారు? డాక్టరమ్మ చెప్పిందా?"

"లేదు."

"మరి? నాకు తెలుసుకోనీలేదని రాయి. నా ఒంటి సంగతి నాకు తెలుసుకోనీలేదు. అది రాయి. అది ఎవడూ కొట్టెయ్యలేడు."

కన్ను తెరవకుండానే, "ఆశ్చర్యార్థకాలు ఎన్ని పెట్టినావు?" అని అడిగినాడు. అత్త పక్కకు తిరుక్కునింది. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

అందుకే ఇది మళ్ళీ రాసినాను. మొదటి వాక్యం మార్చినాను. మామ పేర్చలేదు గానీ, ఆయన గళ్ళలోని అక్షరాలతోనే పేర్చినాం. తడి కాగితం పెద్దాయనకు ఇచ్చి కుర్చీ చూపించినాను. ఆయన వేలు పెట్టుకుని ప్రతి మాటా చదివినాడు. తాను ముక్కను పూడ్చిన సంగతి వచ్చిన చోట ఆగినాడు. తీసేయమంటారా అని అడిగినాను.

"ఉండనీ. నా మాదిరి ఇంకొకడు చేయకుండా ఉండాలంటే ఉండాల."

ఊర్లో పెద్దలకు, అన్నలకు, అక్కలకు మనవి. మీ ఇండ్లలో ఎవరికన్నా కోసి ఏదన్నా తీసింటే, గర్భసంచి గానీ, రొమ్ములో గడ్డ గానీ, పేగు గానీ, అది ఎక్కడికి పోయిందో ఒకసారి గుర్తు చేసుకోండి. రేపు ఎవరికన్నా తీసేటట్టయితే, ఏ నీళ్ళలో వేస్తారు, ఎవరికి పంపుతారు, రిపోర్టు ఎవరి చేతికి ఇస్తారు అని ముందే అడగండి. గడ్డ కరిగిపోయిందని చెప్పినా అడగండి.

ఈ ఆదివారం పొద్దున పది గంటలకు మామ ప్రెస్సు ముందర కలుద్దాం. అక్కడినుంచి అందరం బస్సులో పోయి ఆ నర్సింగ్ హోం డాక్టరు ముందర నిలబడి రెండే అడుగుతాం. మా మామ ముక్కను ఎందుకు పంపలేదో చెప్పాల. ఇకమీదట కోసి తీసిన ప్రతి ముక్కనూ పరీక్షకు పంపుతామని, రిపోర్టు రోగి చేతికే ఇస్తామని రాసి గోడకు పెట్టాల. ఎవరూ రాయి పట్టుకోవద్దు. గొంతు పెంచొద్దు. ఈ మాట నాకు నేనే చెప్పుకుంటాన్నాను.

ముందర పెద్దాయన నడుస్తాడు. నిన్న సాయంత్రం నేను పోయేసరికి ప్రెస్సు మెట్ల మీద కూర్చుని, ఆ స్టీలు డబ్బాను బూడిద పెట్టి తోముతాన్నాడు. అది ఎప్పుడో తెల్లగా అయిపోయింది. అయినా తోముతానే ఉన్నాడు. ఆదివారం పది గంటలకు దాన్ని చేతిలో పట్టుకుని అక్కడే నిలబడి ఉంటానన్నాడు. రండి.